ఓట్స్ బార్ల అడుగు తడిసిపోతుంటే ముందు పండులోని నీటి సంగతి చూడండి

బొబ్బిలి నుంచి ఒక సోదరి అడిగిన దాని సారాంశం ఇది. ఆవిడ కొత్తగా ఓటీజీ, అంటే చిన్న కరెంటు ఓవెన్ కొన్నారు. పిల్లల బడి డబ్బాలోకి పైనా కిందా ఓట్స్ పిండి, మధ్యలో పండు పెట్టిన ఓట్స్ బార్లు చేద్దామని ఒక వంటకం చూసి మొదలుపెట్టారు. అందులో ఒక కప్పు జామ్ అని ఉంటే, ఇంట్లో మామిడిపళ్లు ఉన్నాయి కదా అని ఒక కప్పు తాజా గుజ్జు వేశారు. పైన రంగు చక్కగా వచ్చింది. అడుగు మాత్రం తడితడిగా ముద్దయింది, కోయబోతే ముక్కలు విడిపోయాయి. వేడి చాలలేదా, ఇంకాసేపు ఉంచాల్సిందా, బెల్లం, నెయ్యి వాడవచ్చా, మన దగ్గర దొరికే పళ్లలో ఏది కుదురుతుంది, మధుమేహం ఉన్న మామగారికి పెట్టవచ్చా అన్నవి ఆవిడ సందేహాలు.

ముందు సూటిగా జవాబు. మీ ఓటీజీలో లోపం లేదు, నీరు ఎక్కువైంది. జామ్ వేయాల్సిన చోట పచ్చి గుజ్జు వేయకూడదు. గుజ్జును సగం బరువుకు వచ్చేదాకా పొయ్యి మీద దగ్గరపడనిచ్చి, పూర్తిగా చల్లార్చి అప్పుడు పరచండి. అడుగు పొరను ముందుగా విడిగా పావుగంట కాల్చండి. బార్లు బయటికి తీశాక కనీసం మూడు గంటలు వాటి మీద కత్తి పెట్టకండి. ఈ మూడు పనులూ చేశారంటే మీ ఇబ్బంది చాలావరకు తీరిపోతుంది.

ఎందుకో చెబుతాను. నేను విజయనగరంలో ఇంటి దగ్గరే ఆర్డర్లకు బేకింగ్ చేస్తాను, సెలవుల్లో కొందరికి నేర్పుతాను కూడా. ఓట్స్ బార్ల గురించి నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ మీరు చెప్పినలాంటివే. పండిన మామిడి గుజ్జులో వందకు ఎనభై పాళ్లకు పైగా నీరే. జామ్‌లో అది ముప్పై, ముప్పై అయిదు పాళ్లకు మించదు, ఎందుకంటే అందులో చక్కెర ఎక్కువ, పైగా పండులోని నీరు చాలావరకు ఉడికేటప్పుడే ఆవిరైపోయింది. లెక్క వేసి చూడండి: 300 గ్రాముల జామ్ వేస్తే ట్రేలోకి వంద గ్రాముల నీరు వెళ్తుంది, అంతే గుజ్జు వేస్తే 240 గ్రాములకు పైగా వెళ్తుంది. పైనా కిందా పిండి మూసి ఉంటే ఆ నీరు ఎక్కడికి పోతుంది? కొంత ఓట్స్ పీల్చుకుంటాయి, మిగిలింది అడుగున చేరి కూర్చుంటుంది. ఇంకో అరగంట కాల్చినా పైపొర మాడుతుందే కానీ అడుగు ఆరదు.

కాబట్టి అసలు శ్రమ పండు దగ్గరే ఉంది. ఇరవై సెంటీమీటర్ల, అంటే ఎనిమిది అంగుళాల చదరపు ట్రేకు 500 గ్రాముల మామిడి గుజ్జు, 100 గ్రాముల చక్కెర తీసుకోండి. అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నెలో ఉడికించండి. ఇనుప బాణలి వద్దు, మామిడిలోని పులుపు తగిలి గుజ్జు నల్లబడుతుంది. గిన్నెను ఖాళీగా ఉన్నప్పుడే తూచి బరువు రాసిపెట్టుకోండి. ఆరు వందల గ్రాములతో మొదలైన గుజ్జూ చక్కెరా మూడు వందలకు రావాలి. సన్నని మంట మీద అరగంట పైనే పడుతుంది. సగం దాటాక అది చిందుతుంది, ఆ చినుకు చేతి మీద పడితే బొబ్బ వస్తుంది, అందుకే లోతు గిన్నె, పొడవాటి గరిటె. నిమ్మరసం ఒక చెంచా చివర్లో పోయండి, మొదట్లో పోస్తే ఆ తాజా వాసన ఉడుకులోనే పోతుంది.

తూకం లేనివాళ్లకు ఒక పరీక్ష ఉంది. చల్లటి స్టీలు పళ్లెంలో ఒక చెంచా గుజ్జు వేసి రెండు నిమిషాలు ఆగండి. వేలితో మధ్యలో గీత గీయండి. గీత పూడిపోకుండా నిలవాలి. అంతకంటే ముఖ్యం, గుజ్జు అంచున పళ్లెం మీద ఏముందో కళ్లు దగ్గర పెట్టి చూడండి. పల్చటి నీటి చార ఒకటి గుజ్జు చుట్టూ మెరుస్తూ ఉంటే ఇంకా కాలేదని అర్థం. గీత నిలిచినా ఆ చార కనిపిస్తే నేను దించను. చార లేకుండా అంచు మొద్దుగా, ఉన్నచోటే ఉన్నప్పుడు దించుతాను.

ఓపిక లేక కార్న్‌ఫ్లోర్ కలిపేద్దామా అని చాలామంది అడుగుతారు. కొంచెం వాడవచ్చు, తప్పులేదు. ఒక చెంచా పిండి చల్లటి నీళ్లలో కలిపి పోసి, బుడగలు వచ్చేలా ఒక నిమిషం ఉడికిస్తేనే చిక్కబడుతుంది. అయితే అది నీటిని పట్టి ఉంచుతుందే తప్ప పోగొట్టదు. మర్నాటికి ఆ నీరు మెల్లగా వదులుతుంది. పూటలో తినేసేవాటికి సరే, డబ్బాలో నాలుగు రోజులు ఉండాల్సినవాటికి నేను వాడను.

ఇక మన పళ్లు. ఈ విషయంలో మన ఉత్తరాంధ్ర వాళ్లకు ఉన్నంత ఎంపిక చాలామందికి లేదు.

మామిడిలో నాకు నచ్చేది సువర్ణరేఖ. బుగ్గ ఎరుపుతో చూడగానే తెలుస్తుంది. వాసన గట్టిది, ఉడికాక కూడా నిలుస్తుంది. బంగినపల్లి పీచు లేకుండా మెత్తగా వస్తుంది కానీ ఉడికేసరికి కాస్త చప్పబడుతుంది, దానికి నిమ్మరసం ఇంకో చెంచా ఎక్కువ పడుతుంది. పీచున్న రసాలైతే తప్పకుండా జల్లెడ పట్టండి, లేకపోతే ముక్క కోసేటప్పుడు కత్తికి పీచు చుట్టుకుని పైపొరను లాగేస్తుంది.

మామిడి కాలం దాటాక ఏం చేయాలో చెబుతాను, ఇది మన జిల్లావాళ్లకు చేతిలో ఉన్న ఉపాయం. లక్కవరపుకోట దగ్గర భీమాలిలో చేసే మామిడి తాండ్ర అందరికీ తెలిసిందే. గుజ్జును చాపల మీద పొర మీద పొరగా పరిచి ఎండలో ఆరబెడతారు. మనం పొయ్యి మీద అరగంట నిలబడి చేసే పనిని వాళ్లు ఎండతో ఎప్పుడో చేసి పెట్టారు. 250 గ్రాముల తాండ్రను చిన్న ముక్కలుగా తరిగి, ముప్పావు కప్పు వేడి నీళ్లలో నానబెట్టి, మెత్తగా నలిపి అయిదు నిమిషాలు వేడిచేస్తే చాలు, పరచడానికి సిద్ధం. చక్కెర వేయనక్కర్లేదు, నిమ్మరసం మాత్రం తప్పనిసరి. డిసెంబరులో మామిడి బార్లు ఎక్కడివని అడిగినవాళ్లకు నేను ఇచ్చేది ఇవే.

వానలు మొదలయ్యే రోజుల్లో సీతంపేట కొండల నుంచి వచ్చే అనాస బార్లకు చాలా బాగుంటుంది. పులుపు, తీపి రెండూ ఉంటాయి కాబట్టి బటర్ రుచికి ఎదురు నిలబడుతుంది. కానీ మామిడి కంటే నీళ్లు ఎక్కువ. మిక్సీలో వేయకండి, సన్నగా తరగండి. చక్కెర ముందే వేయకండి. ముక్కలు తమ రసంలోనే మెత్తబడి, రసం దాదాపు ఇగిరిన తరువాత వేయండి. ముందే వేస్తే ముక్క మెత్తబడక ముందే పాకం అడుగంటుతుంది. లవంగం ఒకటి పొడిచేసి కలిపితే దీనికి బాగా నప్పుతుంది, యాలకులు అంతగా నప్పవు.

ఉద్దానం పనస గురించి పలాస వైపు నుంచి వచ్చి నా దగ్గర నేర్చుకున్న ఒక అమ్మాయి అడిగింది. గట్టి తొనలున్న కాయ తీసుకుని, సన్నగా తరిగి, బెల్లం వేసి దగ్గరపడనిస్తే చక్కగా వస్తుంది. జారుడు తొనలైతే పీచు తీయడానికే పూట పడుతుంది, వాటి జోలికి వెళ్లకండి. పనస వాసన ఇష్టపడనివాళ్లకు ఈ బార్లు అసలు పెట్టకండి, కాలాక వాసన ఇంకా పెరుగుతుంది. ఆ అమ్మాయి పైపొరలో పలాస జీడిపప్పు ముక్కలు కలిపింది, అది మాత్రం ప్రతి పండుకూ పనికొచ్చే మాట. ముక్కలు పైన కనిపించేలా చల్లితే పది నిమిషాల్లో నల్లబడతాయి, పిండిలో కలిపి వేయండి. గుండుపప్పు కొని పగలగొట్టడం దండగ, విరిగిన ముక్కపప్పు చవక, రుచిలో తేడా లేదు.

జామపండులో పెక్టిన్ అనే గట్టిపరిచే పదార్థం ఎక్కువ, త్వరగా గట్టిపడుతుంది. ఉడికించి గింజలు పోయేలా జల్లించండి, మామిడికి పట్టే సమయంలో సగమే పడుతుంది. అరటి ఒంటరిగా వద్దు, రంగు మారి చూడటానికి బాగుండదు. బొప్పాయికి తోడు అనాస ఉంటే తప్ప రుచి రాదు.

సీతాఫలం మాత్రం వద్దే వద్దు. గుజ్జు వేడెక్కితే చేదెక్కుతుంది. అంత మంచి పండును పాడుచేసుకోవడమే. చల్లగా పాలలో కలుపుకోండి, ఓవెన్‌లోకి పంపకండి.

మొదటిసారి చేసేవాళ్లకు నా సలహా ఎప్పుడూ ఖర్జూరమే. గింజ తీసినవి 250 గ్రాములు, నీళ్లు 150 మిల్లీలీటర్లు, నిమ్మరసం రెండు చెంచాలు. పది నిమిషాల్లో మెత్తటి ముద్ద అవుతుంది. చక్కెర అక్కర్లేదు, నీరు వదిలే భయం లేదు. కెనడాలో ఈ తరహా బార్లు ఖర్జూరంతోనే ప్రసిద్ధి. ఒకసారి దీంతో చేతికి పని అలవాటయ్యాక మామిడికి, అనాసకు రండి.

ఇప్పుడు ఓట్స్. మసాలా ఓట్స్ కాదని మీకు తెలుసు. సాదావాటిలో గింజను నొక్కి రేకులుగా చేసినవి రోల్డ్ ఓట్స్, అవే ఇంకా పల్చగా చేసినవి క్విక్ ఓట్స్. మన ఊళ్లలో ఎక్కువ దొరికేవి క్విక్ ఓట్స్, అవి సరిపోతాయి. రోల్డ్ దొరికితే నమలడానికి బాగుంటుంది. రెండూ సమానంగా కలిపితే ఇంకా మంచిది, చిన్నవి పిండిని పట్టి ఉంచుతాయి, పెద్దవి కరకరలాడతాయి. ముక్కలుగా నరికిన స్టీల్ కట్ ఓట్స్ మాత్రం పనికిరావు, ఎంత కాల్చినా పంటికి రాళ్లు తగిలినట్టే ఉంటుంది. మన తీర గాలిలో తేమ ఎక్కువ, తెరిచిపెట్టిన ప్యాకెట్ మెత్తబడుతుంది. అందుకే వాడే ముందు పొడి బాణలిలో సన్నమంట మీద వాసన వచ్చేదాకా వేయించి చల్లార్చుతాను. ఈ ఒక్క పనితో రుచి ఎంత మారుతుందో చేసి చూడండి.

కొలతలు: ఓట్స్ 120 గ్రాములు, మైదా 150 గ్రాములు, బెల్లం తురుము 100 గ్రాములు, బటర్ 125 గ్రాములు, వంటసోడా పావు చెంచా, చిటికెడు ఉప్పు. ఉప్పు బటర్ వాడితే ఆ చిటికెడు మానేయండి. మైదాలో సగం గోధుమపిండి వేయవచ్చు. చోడి పిండి, అంటే రాగి పిండి ఇష్టమైతే మైదాలో నాలుగో వంతు దాకా మార్చండి, అంతకు మించితే జిగురు చాలక ముక్క నిలవదు. చోడి పిండితో వచ్చే ఆ గాఢమైన రుచి ఖర్జూరానికి, బెల్లానికి బాగా జతపడుతుంది.

బెల్లం నిస్సంకోచంగా వాడండి. ఇలాంటి వంటకాల్లో రాసే బ్రౌన్ షుగర్ కంటే నాకు మంచి ముదురు రంగు బెల్లమే ఇష్టం. గట్టి అచ్చును సన్నగా తురిమి, గడ్డలు లేకుండా వేలితో చిదిమి కలపాలి. గడ్డ మిగిలితే అక్కడ కరిగి గుంట పడుతుంది. పాకం పట్టి పోయకండి. పాకం పోస్తే చల్లారాక బిగుసుకుపోయి పళ్లకు పని పెడుతుంది.

నెయ్యి కూడా వాడవచ్చు కానీ ఒకదానికొకటి సమానం కాదు. బటర్‌లో కొవ్వు ఎనభై పాళ్లు, మిగిలిన దానిలో ఎక్కువ నీరు. నెయ్యి అంతా కొవ్వే. కాబట్టి 125 గ్రాముల బటర్ బదులు 100 గ్రాముల నెయ్యి, రెండు చెంచాల పాలు. పాలు వేయకపోతే పిండి పొడిపొడిగా రాలుతుంది.

చల్లని బటర్‌ను వేళ్లతో పిండిలో నలపమని అన్ని వంటకాల్లోనూ రాస్తారు. చలికాలంలో అలాగే చేయండి. మే నెలలో మన వంటింట్లో అది సాగదు, నలుపుతుండగానే జిడ్డు కారుతుంది. ఎండాకాలం నేను బటర్ కరిగించి, గోరువెచ్చగా అయ్యాక పోసి గరిటెతో కలుపుతాను. అడుగు కొంచెం గట్టిగా వస్తుంది, బార్లకు అది మంచిదే. కలిపిన పిండిని పిడికిట్లో నొక్కితే సున్నుండలా నిలవాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి. నిలవకపోతే ఒక చెంచా పాలు చల్లండి.

ట్రేలో పరిచే కాగితం గురించి ఒక మాట. పొట్లాలు కట్టే పల్చటి బటర్ పేపర్ అంటుకుపోతుంది. బేకింగ్ పేపర్ దొరకకపోతే ఆ పల్చటి దానికే రెండువైపులా నెయ్యి రాయండి. కాగితం అంచులు ట్రే బయటికి నాలుగు వేళ్లు వచ్చేలా వేస్తే తరువాత మొత్తం అచ్చును ఎత్తి బయటికి తీయవచ్చు.

పిండిలో మూడింట రెండు వంతులు ట్రేలో వేసి, అడుగు చదునుగా ఉన్న స్టీలు గ్లాసుతో గట్టిగా అదమండి. మూలల్లో ముఖ్యంగా. 180 డిగ్రీలకు పది నిమిషాలు ముందే వేడిచేసిన ఓటీజీలో, మధ్య అరలో, పైనా కిందా రెండు రాడ్లూ పెట్టి పదిహేను నిమిషాలు కాల్చండి. అంచులకు లేత రంగు వస్తుంది. దాని మీద చల్లారిన పండు ముద్దను పరచండి, అంచు నుంచి అరసెంటీమీటరు వదలండి, లేకపోతే చక్కెర ట్రే గోడకు తగిలి మాడుతుంది. మిగిలిన పిండిని పైన వదులుగా చల్లండి, ఇక్కడ నొక్కకూడదు, సందుల్లోంచే మిగిలిన ఆవిరి పోవాలి. మళ్లీ పాతిక, ముప్పై నిమిషాలు. మధ్యలో కరెంటు పోతే తలుపు తెరవకండి. లోపలి వేడి కాసేపు పనిచేస్తుంది, వచ్చాక పోయినంతసేపు కలిపి ఉంచండి.

బయటికి తీసినప్పుడు మధ్యభాగం మెత్తగానే ఉంటుంది. కాలలేదనుకుని మళ్లీ లోపల పెడతారు చాలామంది. బటర్ వేడిగా ఉన్నంతసేపూ ద్రవమే, అది గడ్డకట్టినప్పుడే ఓట్స్‌నూ పిండినీ పట్టుకుంటుంది. గది వేడికి వచ్చేదాకా రెండు గంటలు, ఆ తరువాత ఫ్రిజ్‌లో ఒక గంట. అప్పుడు పొడవాటి కత్తితో పైనుంచి కిందికి ఒకేసారి దించండి, రంపంలా లాగకండి, ప్రతి కోతకూ కత్తిని తడిబట్టతో తుడవండి. నాలుగు నాలుగులు పదహారు ముక్కలు వస్తాయి.

మీ దగ్గర మిగిలిన తడి బార్లను పారేయకండి. చేత్తో చిదిపి, పళ్లెంలో పల్చగా పరిచి, 150 డిగ్రీల్లో మధ్యమధ్య కలుపుతూ ఇరవై నిమిషాలు ఆరనివ్వండి. చల్లారాక కరకరలాడుతుంది, పెరుగు మీద, ఐస్‌క్రీమ్ మీద చల్లి పిల్లలకు ఇవ్వండి.

మామగారి విషయం స్పష్టంగా చెప్పాలి. ఓట్స్ ఉన్నాయి, బెల్లమే వేశాం అనే ధైర్యంతో మధుమేహం ఉన్నవారికి పెట్టకండి. బెల్లం కూడా రక్తంలో చక్కెరను పెంచుతుంది, ఖర్జూరమూ అంతే. ఓట్స్‌లో మంచి పీచు ఉన్న మాట నిజమే, కానీ పై కొలతలతో చేస్తే ఒక్కో ముక్క సుమారు 185 కాలరీలు, అందులో ఎనిమిది గ్రాముల దాకా బటర్. ఇది మిఠాయే. డాక్టరు ఏ మేరకు తినవచ్చన్నారో ఆ మేరకే, అదీ ఆయన భోజనంలో అన్నం తగ్గించి. పిల్లలకు కూడా రోజుకు ఒక ముక్క చాలు.

నిల్వ సంగతి పండును బట్టి ఉంటుంది. మామిడి, అనాస బార్లు మన ఎండాకాలంలో బయట ఒక్క పూటే, ఫ్రిజ్‌లో గాలి చొరని డబ్బాలో నాలుగైదు రోజులు. పొరల మధ్య కాగితం వేయండి. హైదరాబాదులో చదివే పిల్లలకు రైల్లో పంపాలంటే ఖర్జూరం లేదా తాండ్ర పెట్టినవే పంపండి, అవీ ముందురోజు రాత్రంతా ఫ్రిజ్‌లో బిగుసుకున్నాక కోసి, ముక్కలు కదలకుండా డబ్బా నిండా సర్ది పంపండి.